ఇరవై ఏడో అంతస్తులో సాయంత్రం

41వ రోజు

ఈ ఉదయం మొదటి మొగ్గలు కనిపించాయి. ఆకు సందుల్లో ఆకుపచ్చ గుత్తులు, ఒక్కో గుత్తిలో పదీ పదిహేను. మూడు వేల తీగల్లో ఎన్నింటికి వచ్చాయో లెక్కపెట్టబోయి, నాలుగో వరుసలోనే మానేసి కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను.

అంతస్తుకో కూర పండించే కాకినాడ ఏడో సాగుమేడలో ఈ ఇరవై ఏడో అంతస్తును తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నాను. మొదట మూడేళ్లు గుమ్మడి, తరువాత ఆరేళ్లు దోస. బీర వేయడం ఇదే మొదలు. ఆహార మండలి వాళ్లు ఈ అంతస్తులో నాచు తొట్లు పెడదామనుకున్నారు. నాచు పిండికి మనుషులు అక్కర్లేదు, మీట నొక్కి వెళ్లిపోవచ్చు. కానీ మా మేడ కూరలు తినే నాలుగు వేల కుటుంబాల చేత ఓటు వేయించక తప్పలేదు. ఓట్లలో బీరకాయ గెలిచింది.

గెలిచింది అనడం కంటే చంటమ్మ గారు గెలిపించారు అనడం సబబు. ఆవిడకు డెబ్బై ఒకటి. పక్క భవనంలో నాలుగో అంతస్తులో ఉంటారు. ఉప్పు నీళ్లు పొలాల్లోకి రాకముందు మల్లెపూలు కట్టి అమ్మేవారు. ఓట్లప్పుడు తలుపు తలుపూ తట్టి, "పాలు పోసి వండిన బీరకాయ కూర గుర్తుందా, పొట్టు పచ్చడి గుర్తుందా, రొయ్యలేసిన బీరకాయ మాట మీకు సెప్పనే అక్కర్లేదు," అని అందరికీ నోరూరించి మరీ ఓటు వేయించారు.

ఈ రోజు డ్యూటీ దిగి కింద కూరల కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే అక్కడ కూర్చుని ఉన్నారు.

"ఏమే రత్నం, బీరకాయలొచ్చాయా?"

"ఇంకా మొగ్గలే పెద్దమ్మా."

"మొగ్గలొచ్చేక మరింకేముందీ! సంచీ తెచ్చుకోనా రేపు?"

నా పేరు నూకరత్నం. ఆవిడకు మాత్రం రత్నాన్నే.

46వ రోజు

ఆడపువ్వులు వచ్చాయి. మగపువ్వులు గుత్తులుగా ముందే వస్తాయి, వాటితో పని సగమే. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని కింద చిటికెన వేలంత పిందె ముందే తయారుగా ఉంటుంది. పుప్పొడి అందితే ఆ పిందె కాయవుతుంది.

పుప్పొడి అందించే పని మర ఈగలది. బొటనవేలంత ఉంటాయి, ఆరు వందలున్నాయి మాకు. దోసకు ఆరేళ్లు అవే చేశాయి. వాటికి బ్యాటరీలు చిన్నవి, దీపాల వెలుగుతోనే బలం పుంజుకుని ఎగురుతాయి. సముద్రంలో గాలిమరలు రాత్రి పూట బాగా తిరుగుతాయి కాబట్టి మా దీపాలు రాత్రి తొమ్మిదింటికి వెలుగుతాయి. రెండు గంటలు వెలుగు తాగి ఈగలు లేస్తాయి. ఆ వేళకు అంతస్తులో మనుషులు ఎవరూ ఉండరు. పొద్దున్న ఆరింటికి నేను వచ్చేసరికి గూళ్లకు చేరి ఉంటాయి, తెర మీద వాటి నివేదిక ఉంటుంది.

ఈ రోజు నివేదిక: ముట్టిన పూలు 31,406. లోపాలు లేవు.

చూసి పొంగిపోయాను. తీగలకు అది మిట్టమధ్యాహ్నం, ఊళ్లో కాఫీల వేళ. వరుసల మధ్య తిరుగుతూ కత్తిరింపులు చేశాను. తొమ్మిదీ ముప్పావుకు గంట మోగింది. గంట మోగితే కిందికి దిగిపోవాలి. పదింటి నుంచి దీపాలు మెల్లగా మందగించి పదకొండుకు ఆరిపోతాయి, తలుపులు ఇక బయటి నుంచి తెరుచుకోవు. మిగిలిన డ్యూటీ రెండో అంతస్తులో ఎరువు తొట్ల దగ్గర.

అక్కడ మెకానిక్ అబ్బులు కనిపిస్తే కబురు చెప్పాను. అబ్బులు మా మేడలో పంకాలూ పంపులూ మర ఈగలూ అన్నీ చూస్తాడు. ఏ మంచి కబురు చెప్పినా ముందు అనుమానిస్తాడు.

"మరలు సెప్పింది మరలే నమ్మాలి చెల్లెమ్మా. కాయ సూపించు, అప్పుడు నమ్ముతాను," అన్నాడు.

50వ రోజు

పిందెలు రాలుతున్నాయి.

మొన్న పదో ఇరవయ్యో రాలితే తొలి పూతకు మామూలే అనుకున్నాను. ఈ రోజు నేల మీద ఊడ్చి ఎత్తాల్సి వచ్చింది. పసుపు రంగుకు తిరిగి, మెత్తబడి, ముట్టుకుంటే తొడిమ దగ్గర ఊడి వస్తున్నాయి. ఒక్క పిందె కూడా వేలు పొడవు దాటలేదు.

ఎరువు నీళ్లు పరీక్ష చేయించాను. బాగానే ఉన్నాయి. అయినా కొంచెం మార్చి చూశాను.

మర ఈగల నివేదిక: ముట్టిన పూలు 33,018. లోపాలు లేవు.

52వ రోజు

వేడి రెండు డిగ్రీలు తగ్గించాను. అబ్బులు పంకాల వేగం పెంచాడు, తరువాత తగ్గించాడు, తరువాత మళ్లీ మొదటికే తెచ్చాడు. నీటి గొట్టాలన్నీ కడిగించాం. ఈ రోజు రాలిన పిందెలు రెండు బుట్టలు.

మధ్యాహ్నం ఆహార మండలి నుంచి ఉత్తరం. దిగుబడి పట్టికలో వరుసగా సున్నాలు కనిపిస్తున్నాయట. డెబ్బయ్యో రోజు నాటికి మొదటి కోత ఎనిమిది వందల కిలోలు రాకపోతే తీగలు పీకించి నాచు తొట్లు పెడతారట. నన్ను వేరే ఊరి మేడకు మారుస్తారట. కింద సంతకం: తనిఖీ అధికారి హేమసుందరి.

అబ్బులు ఉత్తరం రెండుసార్లు చదివి, "సంతకం బాగుంది," అన్నాడు. ఇంకేమనాలో తోచనప్పుడు అతను అలాంటివే అంటాడు.

కౌంటర్ దగ్గర చంటమ్మ గారిని తప్పించుకోవడానికి వెనక మెట్ల మీదుగా ఇంటికి వెళ్లాను. దొంగతనం చేసినట్టు అనిపించింది.

54వ రోజు

ఈ రోజు జరిగింది మొదటి నుంచి రాయాలి.

డ్యూటీకి వెళ్తుంటే మేడ గుమ్మంలోనే చంటమ్మ గారు పట్టుకున్నారు. రెండు రోజులుగా వెనక దారిన పోతున్నానని ఆవిడకు తెలిసిపోయింది. దాచి లాభం లేదని జేబులోంచి రాలిన పిందె తీసి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వేళ్ల మధ్య దొర్లించి, గోటితో చీల్చి, వాసన చూశారు.

"ఇది కలవలేదే. మగపువ్వు పొడి దీనికి తగల్లేదు."

"మర ఈగలు రోజూ ముప్పై వేల పూలు ముట్టుకుంటున్నాయి పెద్దమ్మా. రాసి ఉంది."

"రాసిందెవరు? ఆ ఈగలేగా! నన్ను పైకి తీసుకెళ్లు. నేను సూత్తాను."

బయటివాళ్లను పైకి తీసుకెళ్లకూడదు. రోగాలు అంటుకుంటాయని గట్టి నిబంధన. కానీ వారం రోజులుగా నిబంధనలన్నీ పాటిస్తున్నాను, పిందెలు రాలుతూనే ఉన్నాయి. తొమ్మిదింటికి పని కొంచెం తెమిలాక అబ్బులుని పిలిచాను. సామాన్ల లిఫ్టులో ఆవిడను పైకి తెచ్చాం.

లోపలికి రావాలంటే కాళ్లు కడగాలి, తెల్ల కోటు తొడుక్కోవాలి, తరువాత దుమ్ము ఊదేసే గాలి గదిలో నిలబడాలి. అక్కడ నాలుగు వైపుల నుంచి గాలి కొట్టేసరికి చంటమ్మ గారు చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని, "ఓరి నీ దుంప తెగా, తుపానులో నిలబెట్టేరేంటే నన్ను!" అని కేకలు. కోటు బొత్తాలు ఆవిడకు దొరకవు, నన్ను పెట్టనివ్వరు. చేతులు కొంచెం వణుకుతాయి ఆవిడకు. ఇదంతా అయ్యి లోపల అడుగు పెట్టేసరికి తొమ్మిదీ ముప్పావు గంట మోగనే మోగింది.

"దిగిపోవాలి పెద్దమ్మా."

"ఇంత తుపానూ పడొచ్చింది దిగిపోడానికా?" అంటూ ఆవిడ మొదటి వరుసలోకి నడిచారు.

పది దాటింది. తెల్లటి దీపాలు ముందు లేత పసుపయ్యాయి, తరువాత నారింజ రంగు తిరిగాయి. పంకాలు నెమ్మదించాయి. తొమ్మిదేళ్లలో నేనెప్పుడూ ఈ వేళకు ఇక్కడ లేను. ఎండ తగ్గాక పెరట్లో ఉన్నట్టుంది. ఆకుల మధ్య ఏదో కదిలినట్టనిపించి చూశాను. ఒక మొగ్గ విచ్చుకుంది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగా వరుస వరుసంతా పసుపు పచ్చని పూలు విచ్చుకుంటూ పోయాయి. సన్నటి వాసన వచ్చింది.

అబ్బులు నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఓసి పిచ్చిదానా," అన్నారు చంటమ్మ గారు, మెల్లగా. "బీర సందేళ పువ్వే. మా ఇంటెనకాల పందిరికి బీరపువ్వు ఇచ్చుకుంటే, దీపం పెట్టే యేళైందని మా అమ్మ లేచేది. గుమ్మడీ దోసా అయితే తెల్లారగట్ట పూత్తాయి. ఇది అలా కాదు. రాత్రంతా ఉండి తెల్లారేసరికి వాడిపోద్ది."

మర ఈగలు లేచేది మా తీగలకు తెల్లారిన రెండు గంటలకు. అప్పటికి పూలన్నీ ముడుచుకుని ఉంటాయి. ముడుచుకున్న పూలను రోజూ ముప్పై వేల సార్లు ముట్టుకుని, లోపాలు లేవని రాస్తున్నాయి.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది. ముగ్గురం ఆ నారింజ వెలుగులో నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వాం.

55వ రోజు

నవ్వు అయిపోయింది.

అబ్బులు ఈగలను సాయంత్రం ఎగిరేలా మార్చి చూశాడు. వెలుగు తగ్గేసరికి బలం చాలక ఒక్కొక్కటీ టపటపా రాలాయి. ఒకటి నా కోటు జేబులో పడింది. కంపెనీకి రాస్తే, పెద్ద బ్యాటరీ, చిన్న దీపం పెట్టి పంపడానికి నలభై రోజులు పడుతుందన్నారు. మాకున్నవి పదిహేను.

దీపాల వేళలు మార్చమని అడగడానికి లేదు. కరెంటు రాత్రే దండిగా ఉంటుంది. పదకొండు దాటాక లైటు పట్టుకుని పని చేద్దామా అంటే, చీకట్లో వెలుగు పడితే తీగ పూత మానేస్తుంది.

అంటే పూలు విచ్చుకునే వేళ నుంచి చీకటి పడేదాకా గంట. ఆ గంటలో రెండున్నర వేల ఆడపువ్వులు. చేత్తో చేస్తే మనిషి గంటకు అరవై చేయగలడు. నేనూ అబ్బులూ కలిస్తే నూట ఇరవై.

"నలభై మంది కావాలి," అన్నాను.

"పొద్దున్న పదింటికి పనీపాటా లేకుండా నలభై మంది ఎక్కడ దొరుకుతారు చెల్లెమ్మా?" అన్నాడు అబ్బులు.

చంటమ్మ గారు కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు: "బయట ఎండకి తొమ్మిదింటికే తలుపులేసుకుని కూకుంటన్నారు జనం. నలభై మందేం ఖర్మ."

57వ రోజు

పదకొండు మంది వచ్చారు.

ఒకప్పుడు చంటమ్మ గారితో పూలు కట్టిన ఆడవాళ్లు ఆరుగురు. రిటైరైన బస్సు డ్రైవరు సత్యానందం గారు. ఒక మంగలి. ఏడో నెల గర్భిణి ఒకామె, ఇంట్లో ఉక్క భరించలేక వచ్చానంది. ఇంకో ఇద్దరు ఎందుకొచ్చారో వాళ్లకే తెలియదు. అందరి చేతా స్నానాలు చేయించి, కోట్లు తొడిగించి, గాలి గదిలో నిలబెట్టాను. బయటివాళ్ల పేర్లు, వేళలు అన్నీ రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. తప్పు చేస్తున్నప్పుడు దాచకుండా చేయడం మేలనిపించింది.

చంటమ్మ గారు చేసి చూపించారు. మగపువ్వు కోసి, రేకలు వెనక్కి మడిచి, ఆడపువ్వు నడిబొడ్డున మెత్తగా తిప్పాలి. ఆవిడ చెయ్యి వణుకుతుంటే పుప్పొడి జలజలా రాలుతోంది.

"నా సెయ్యి ఒణుకుతాది కదా, సగం పని అదే సేసేత్తాది," అని ఆవిడే నవ్వారు.

పని అయిన పువ్వు తొడిమకల్లా ఆవిడ ఎర్ర దారం పోగు ఒకటి చుట్టారు. రెండు వేళ్లతో ఒక్క తిప్పు, ముడి పడిపోతుంది. వేరెవరికీ ఆ వేగం రాలేదు కాబట్టి ఆవిడ చేసిన రెండు వరుసలకే దారాలు. ఎందుకని అడిగాను.

"రేపు ఏది కాయైందో ఏది రాలిందో ఎలా తెలుత్తాది మరి?" అన్నారు.

మొత్తం అయినవి అయిదు వందల ఇరవై పూలు. దీపాలు ఆరే ముందు అందరూ పనాపి నిలబడిపోయారు. సత్యానందం గారు ఎవరికీ వినిపించదనుకుని ఏదో రాగం తీస్తున్నారు. అందరికీ వినిపించింది. ఎవరూ ఆపలేదు.

59వ రోజు

నిన్న ఇరవై ముగ్గురు. ఈ రోజు నలభై ఒక్కరు, లిఫ్టు నాలుగుసార్లు తిరిగింది. కోట్లు చాలక అబ్బులు పై అంతస్తు పాలకూర వాళ్లనడిగి తెచ్చాడు. వాళ్లు రేపు తామూ వస్తామన్నారు.

ఎర్ర దారం కట్టిన పిందెలు కొన్ని వేలు పొడవు దాటాయి. అబ్బులు జేబులోంచి టేపు తీసి కొలిచాడు. నమ్ముతున్నానని ఇంకా అనలేదు, కానీ ఒకే పిందెను మూడుసార్లు కొలిచాడు.

60వ రోజు

సంజాయిషీ నోటీసు. అనుమతి లేకుండా బయటివారిని అంతస్తులోకి రానిచ్చినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో తెలపాలి. అధికారి రేపు స్వయంగా వస్తారు. అంతవరకు బయటివారి ప్రవేశం నిషేధం.

పదింటికి లిఫ్టు దగ్గర నలభై ఆరు మంది నిలబడి ఉన్నారు. వాళ్లకు ఆ కాగితం చదివి వినిపించాల్సి వచ్చింది. ఎవరూ గొడవ చేయలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. గర్భిణి, "మీకేం కాదు కదండీ?" అని అడిగింది. ఏం కాదన్నాను. అబద్ధమని ఆమెకూ తెలుసు.

పైన నేనూ అబ్బులూ ఇద్దరమే. వంగి వంగి నూట ముప్పై చేశాం. మిగిలిన రెండు వేల పైచిలుకు పూలు అలా విచ్చుకుని చూస్తున్నాయి. పదకొండుకు చీకటి పడింది. చీకట్లోనే అబ్బులు అన్నాడు:

"నిన్ను మారిత్తే నేనూ మారిపోతాను చెల్లెమ్మా. ఈ నాచు తొట్లకి పంకాలు తిప్పలేను."

అంత పెద్ద మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు.

61వ రోజు

హేమసుందరి గారు సరిగ్గా పావు తక్కువ పదికి వచ్చారు. యాభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నారు. గాలి గదిలో కళ్లు కూడా మూయలేదు. రిజిస్టరు తెరిచి పేర్లన్నీ చదివారు.

"డెబ్బై అయిదు మందిని తెచ్చారు, మూడు రోజుల్లో."

"కొందరు మూడు రోజులూ వచ్చారు మేడం. మనుషులుగా చూస్తే నలభై ఆరుగురే."

"అది నయమా?"

సంజాయిషీ కాగితం చేతికిచ్చాను. దాంట్లో నాలుగే వాక్యాలు రాశాను. బీర సాయంత్రం పూస్తుందని నాకు తెలియదు. తెలిసిన మనిషిని పైకి తీసుకొచ్చాను. మరలు చేయలేని పని మనుషుల చేత చేయించాను. మొదటిది నా తప్పు, తక్కినవి కావు.

ఆవిడ చదివి, మడిచి సంచిలో పెట్టుకున్నారు. ముఖంలో ఏమీ తెలియలేదు.

"చూపించండి."

మొదటి వరుసకు తీసుకెళ్లాను. ఎర్ర దారం ఉన్న పిందెలు నాలుగు రోజుల్లో జానెడయ్యాయి, గీతలు తేరి నిగనిగలాడుతున్నాయి. వాటి పక్కనే, అదే తీగకు, దారం లేనివి పసుపు తిరిగి వేలాడుతున్నాయి. ఆవిడ ఒక దారాన్ని వేలితో తాకారు.

"ఈ ముడి ఎవరిది?"

"చంటమ్మ గారని, కింద కౌంటర్ దగ్గరున్నారు మేడం."

"పిలవండి."

చంటమ్మ గారు వచ్చేసరికి దీపాలు పసుపు తిరుగుతున్నాయి. ఈసారి గాలి గదిలో కేకలు పెట్టలేదు. భయపడుతున్నారని అర్థమైంది.

"మీరేం చేస్తుంటారండీ?" అని అడిగారు హేమసుందరి గారు.

"పూలు కట్టేదాన్నండీ. మల్లెతోటలు పోయి ముప్పై అయిదేళ్లయింది. కట్టడానికి పూల్లేవు, ఏం కట్టమంటారు? ఇదుగో, మూడు రోజులు ఈ బీరపూలకి కట్టుకున్నాను. తప్పైతే నన్ననండి, ఈ పిల్లనేం అనకండి. తలుపు తియ్యమని పీక్కుతింది నేనే."

నలభై ఆరేళ్ల నన్ను పిల్ల అన్నారు.

హేమసుందరి గారు ఏదో చెప్పబోయారు. అప్పుడే పూలు విచ్చుకోవడం మొదలైంది. ఆవిడ వరుస చివరిదాకా పసుపు పరుచుకుంటూ పోయేంతవరకూ కదల్లేదు.

"ఎంతసేపుంటుంది ఇది?" అన్నారు చివరికి.

"చీకటి పడేదాకా మేడం. ముప్పావు గంట."

"ఆలోగా ఎన్ని పూలు చేయాలి?"

"రెండున్నర వేలు."

ఆవిడ చేతి గడియారం చూసుకున్నారు. తరువాత చంటమ్మ గారి వైపు తిరిగి, "నాకు చూపించండి, ఎలా చేయాలో," అన్నారు.

ముప్పావు గంటలో యాభై నాలుగు పూలు చేశారావిడ. నిబంధన గురించి నేను అడగకముందే లిఫ్టులో చెప్పారు: "బయటివాళ్లు రాకూడదు. పనివాళ్లు రావచ్చు. రేపు పొద్దున్నకల్లా అందరి పేర్లూ పనివాళ్ల పట్టికలో ఉండాలి. ఉద్యోగం పేరు ఏదో ఒకటి పెట్టుకోండి. స్నానం, కోటు, ఆరోగ్య పరీక్ష తప్పనిసరి."

"అలాగే మేడం."

"ఇంకొకటి. సంజాయిషీలో మీ తప్పు అని రాసింది నేను కొట్టేస్తున్నాను. బీర ఎప్పుడు పూస్తుందో చూసుకోకుండా విత్తనం పంపింది మేమే."

62వ రోజు

నలభై తొమ్మిది మంది. ఆరోగ్య పరీక్షకు పొద్దున్న ఏడింటికే వరుస కట్టారు. పట్టికలో ఉద్యోగం పేరు చంటమ్మ గారు పెట్టారు: పూల చుట్టాలు. ఆఫీసు వాళ్లు అది ఏ తరగతి ఉద్యోగమని అడిగారు. హేమసుందరి గారినే అడగమన్నాను.

మొదటి రోజు ఎందుకొచ్చారో తెలియని ఇద్దరిలో ఒకతను ఈ రోజు ఎనభై ఎనిమిది పూలు చేశాడు. అందరికంటే ఎక్కువ. తన జీవితంలో దేంట్లోనూ మొదటి స్థానం రాలేదట. ఇంటికి వెళ్లి చెప్పాలని లిఫ్టు కోసం ఆగలేక మెట్ల మీదే దిగిపోయాడు, ఇరవై ఏడు అంతస్తులూ.

70వ రోజు

కోత.

పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు కోశాం. లేతగా, జానా బెత్తెడు పొడవు, తొక్క మీద గీతలు స్పష్టంగా. తూకం దగ్గర అబ్బులు నిలబడ్డాడు. ఎనిమిది వందలు దాటినప్పుడు తరువాతి బుట్ట ఎత్తాడు. వెయ్యి దాటినప్పుడు తూకం యంత్రం సరిగ్గా ఉందో లేదో తానెక్కి చూసుకున్నాడు. మొత్తం వెయ్యి రెండు వందల అరవై కిలోలు.

"నమ్ముతున్నావా అన్నయ్యా?" అన్నాను.

"కూర తిన్నాక సెప్తాను," అన్నాడు.

కౌంటర్ దగ్గర వరుస వీధి మలుపు తిరిగింది. మొదటి కాయలు చంటమ్మ గారికే ఇవ్వాలని అందరూ అన్నారు. ఆవిడ రెండు కాయలు తీసుకుని, గర్భిణికి ముందు ఇమ్మని మూడోది తిప్పి పంపారు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల భవనాల మెట్ల మీదంతా ఒకటే వాసన, తిరగమోతలో బీరకాయ మగ్గుతున్న వాసన. సత్యానందం గారు రొయ్యలు ఎక్కడో సంపాదించారు. ఎక్కడ అని ఎంతమంది అడిగినా చెప్పలేదు.

నేను పాలు పోసి వండాను. మా ఆయన సూరిబాబు పడవ బస్సు నడిపి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని తల వంచుకుని తిన్నాడు. మూడోసారి వడ్డించాక తలెత్తి, "ఇది ఇలా ఉంటదా?" అన్నాడు. అతనిది నా వయసే. బీరకాయ ఎప్పుడో చిన్నప్పుడు తిని మరిచిపోయాడు.

హేమసుందరి గారికి రెండు కిలోలు పంపాను. తీసుకోకూడదని వెనక్కి పంపారు. కానీ వెంట వచ్చిన చీటీలో, పొట్టు పచ్చడికి నువ్వులు ఎన్ని వేయాలో చంటమ్మ గారినడిగి రాయమన్నారు.

78వ రోజు

గర్భిణి పేరు రాయడం మరిచిపోయాను ఇన్నాళ్లూ. సువార్త. డాక్టరు ఇక మెట్లూ లిఫ్టులూ వద్దన్నారట. వెళ్లిపోయే ముందు తన వరుస పూలన్నీ పూర్తి చేసి వెళ్లింది. ఆ వరుస తనకే అట్టిపెట్టమంది, బిడ్డ పుట్టాక వస్తానని. అలాగేనన్నాను.

నాలుగో కోత రెండు వేల కిలోలు దాటింది.

94వ రోజు

కొత్త మర ఈగలు వచ్చాయి. ఆరు వందలూ. పెద్ద బ్యాటరీ, ముక్కు మీద ఆవగింజంత దీపం. మసక వెలుతురులో ఎగరగలవు. అబ్బులు వాటిని గూళ్లలో సర్దుతూ పెళ్లివారిని దించుకుంటున్నవాడిలా ఉన్నాడు.

నిన్ననే అందరికీ చెప్పాను. రేపటి నుంచి ఈగలు చేస్తాయి, మీరు రానక్కర్లేదు, ఇన్నాళ్లూ చేసినందుకు మేడ తరఫున దండాలు అని. అందరూ మంచిదన్నారు. చంటమ్మ గారు కూడా, "మంచిదేగా, నడుములు పట్టేసేయి," అన్నారు. నేను మాత్రం ఇంటికి వెళ్తూ దారంతా దిగులుగానే ఉన్నాను.

పదింటికి అబ్బులు మీట నొక్కబోతుంటే లిఫ్టు తెరుచుకుంది. కోట్లు తొడుక్కుని పది మంది దిగారు. వెనక రెండో విడత, మూడో విడత, నాలుగోది.

"ఈ రోజు పని లేదండీ, నిన్న చెప్పాను కదా," అన్నాను.

"పనికెవరొచ్చేరే?" అన్నారు చంటమ్మ గారు, నన్ను దాటుకుని పోతూ.

ఎవరి వరుస దగ్గరికి వాళ్లు వెళ్లి కింద కూర్చున్నారు. కొందరు గోడకు చేరగిలబడ్డారు. సత్యానందం గారు గొంతు సవరించుకున్నారు. మంగలి కాళ్లు చాపుకున్నాడు. మెట్ల మీద పరుగెత్తినతను వాళ్లావిడను వెంట తెచ్చి, తన వరుస చూపిస్తున్నాడు. ఆమె పేరు కూడా పట్టికలో రాయించే తెచ్చాడు. దీపాలు పసుపు తిరిగాయి.

అబ్బులు ఈగలను వదిలాడు. ఆరు వందల చిన్న దీపాలు జుయ్యిమంటూ లేచాయి. చూడటానికి అందంగానే ఉంది, కానీ పని సాగలేదు. ఒకటి సత్యానందం గారి బట్టతల మీద వాలి పుప్పొడి పూసింది. రెండు చంటమ్మ గారి కొప్పు చుట్టూ తిరుగుతుంటే, ఆవిడ కొంగు విదిలించి ఒకదాన్ని గోడకేసి కొట్టారు. నలుగురు కూర్చున్న చోటికల్లా పోయి గుంపుగా ఆగిపోతున్నాయి. పావు గంట చూసి అబ్బులు అన్నింటినీ గూళ్లకు పిలిచేశాడు.

"మరి పూలు?" అన్నాను.

అప్పటికే అందరి చేతుల్లోనూ మగపువ్వులున్నాయి.

కంపెనీ కాగితం ఒకటి నింపి పంపాలి, మొదటి రోజు ఈగలు ఎలా పనిచేశాయని. ఆపిన వేళ పదీ ఇరవై. ఆపడానికి కారణం అన్నచోట, "మనుషులు అడ్డొస్తున్నారు" అని రాశాను.

అబ్బులు నా భుజం మీదుగా చదివాడు.

"అయితే మనుషుల్ని తీసేయమంటారు చెల్లెమ్మా."

నారింజ వెలుగులో వరుసల మధ్య కూర్చున్న వాళ్లను చూశాను. ఎవరో అప్పుడే జంతికల డబ్బా తెరిచారు. అంతస్తులో తినకూడదు. ఆ డబ్బా నా వైపే వస్తోంది.

"ముందు వీళ్లని లేపమను, చూద్దాం," అన్నాను.